అటకెక్కిన కత్తిపీట: ఓసీడీ, డిప్రెషన్ కలిసి ఉన్న ఒక తల్లికి చేసిన చికిత్స

ఈ కేసు గురించి రాయడానికి ఆమె, ఆమె భర్త ఇద్దరూ ఒప్పుకున్నారు. రాసింది చదివి రెండు మూడు చోట్ల దిద్దారు కూడా. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. పేర్లు, ఊరు రాయలేదు. చికిత్స నడిచిన తీరు, మందుల మోతాదులు, స్కోర్లు ఫైలులో ఉన్నట్టే ఇస్తున్నాను.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు 31 ఏళ్లు. ఎంఎస్సీ లెక్కలు చదివి ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్లు పాఠాలు చెప్పింది. కొడుక్కి మూడేళ్లు. భర్తకు మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. భర్త, అత్తగారు చెరో పక్క కూర్చున్నారు. ఆమె చేతులు కొంగులో దాచుకుంది. చూపించమంటే కాసేపు తటపటాయించి బయటికి తీసింది. మణికట్టు దాటి పైదాకా చర్మం పాలిపోయి ఉంది. వేళ్ల సందుల్లో పగుళ్లు, వాటిలో ఎండిన నెత్తురు.

"ఈ అమ్మాయికి చాదస్తం మొదటి నుంచీ ఉందండీ. ఏడాదిగా బెంగ కూడా పట్టుకుంది" అన్నారు అత్తగారు.

రోగ నిర్ధారణ దాదాపుగా ఆ రెండు మాటల్లోనే ఉంది. ఆవిడ చాదస్తం అన్నది ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం తగ్గించుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పనులు ఉండే జబ్బు. బెంగ అన్నది డిప్రెషన్. ఏది ముందు వచ్చిందో, ఏది తరవాత వచ్చిందో కూడా ఆవిడే చెప్పారు. ఇంత అలవాటైన మాటలు ఉండటం వల్లనే మన ఇళ్లలో జబ్బు మనిషి స్వభావంగా చెలామణి అవుతోందేమో అనిపించి నాకు బాధ కలుగుతుంది. చాదస్తం ఉన్న మనిషిని విసుక్కుంటారు, బెంగ పెట్టుకున్న మనిషికి ధైర్యం చెబుతారు. ఆ రెండూ చేస్తుండగానే ఏళ్లు గడిచిపోతాయి. ఈమె విషయంలో మూడేళ్లు గడిచాయి.

అప్పటికే అయిదు నెలలుగా మరొక వైద్యుడి దగ్గర మందులు వాడుతోంది. డిప్రెషన్ తగ్గించే ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, రాత్రికి ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే క్లోనజిపామ్ అర మిల్లీగ్రాము. నిద్ర పట్టడం లేదని, ఊరికే ఏడుపు వస్తోందని మాత్రమే అక్కడ చెప్పిందట. చెప్పిన దానికి ఆ మందు సరైనదే. చెప్పని దానికి ఆ మోతాదు చాలదు.

మొదటి రోజు నాకు చెప్పింది కూడా సగమే. భర్త దుకాణం నుంచి రాగానే పెరట్లోనే బట్టలు విడిచి స్నానం చేసి లోపలికి వస్తాడు. అక్కడి దాకా అది పురుగుమందులు అమ్మే ఏ ఇంట్లోనైనా ఉండవలసిన జాగ్రత్తే. ఆ తరవాతే అసలు కథ మొదలవుతుంది. అతను పట్టుకున్న తలుపు గడియ, అతని ఫోను, జేబులోని నోట్లు, బండి తాళాలు అన్నీ ఆమె కడగాలి, తుడవాలి. ప్రతిదాని తరవాత చేతులు కడుక్కోవాలి. రోజుకు అరవై డెబ్బై సార్లు. బియ్యం పదకొండు నీళ్లు కడగాలి, మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఉదయం తొమ్మిదికి మొదలైన వంట మధ్యాహ్నం మూడు దాకా సాగేది. దుకాణంలో ఉన్న భర్తకు రోజుకు ముప్పై సార్లు ఫోను: "బాబుకు ఏమీ కాదు కదా?" అతను ప్రతిసారీ "ఏమీ కాదు" అనేవాడు.

డిప్రెషన్ లక్షణాలు స్పష్టంగా ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఏడు కిలోల బరువు తగ్గడం, తల దువ్వుకోవడానికి కూడా ఓపిక లేకపోవడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం. ఒకప్పుడు ఖాళీ దొరికితే లెక్కల పుస్తకం తీసే మనిషి, ఇప్పుడు అంకెలు చూస్తేనే తల తిప్పేసుకుంటోంది.

రెండో సందర్శనలో మిగతావారిని బయట కూర్చోమని ఆమెతో ఒంటరిగా మాట్లాడాను. ఓసీడీ ఉన్నవారిని అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. దాన్ని అడిగే తీరు మీదే జవాబు ఆధారపడుతుంది. "చాలామంది తల్లులకు, తండ్రులకు తమ బిడ్డకు తామే ఏదైనా హాని చేస్తామేమో అన్న ఆలోచన ఉన్నట్టుండి, వద్దన్నా వస్తుంది. మీకెప్పుడైనా వచ్చిందా అమ్మా?" ఇందులో ఊరడింపు కోసం కల్పించింది ఏదీ లేదు. రాక్‌మన్, డి సిల్వా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే చూపించారు: ఏ జబ్బూ లేనివారిలో కూడా ఎక్కువమందికి ఇటువంటి ఆలోచనలు వస్తుంటాయి, విషయంలో కూడా అవి ఓసీడీ ఉన్నవారి ఆలోచనలను పోలి ఉంటాయి.

ఆమె చాలాసేపు ఏడ్చింది. తరవాత చెప్పింది. బాబుకు రెండో నెలలో ఒక మధ్యాహ్నం కత్తిపీట ముందు కూర్చుని బీరకాయ తరుగుతోంది. పక్కనే చాప మీద బాబు. ఒక్క క్షణం ఒక దృశ్యం మనసులో మెరిసింది. అందులో తన చేతులే ఉన్నాయి. ఆ సాయంత్రమే కత్తిపీటను అటక మీద పెట్టించింది. ఆ తరవాత చాకులు, కత్తెర, చివరికి బాబు గోళ్లు తీసే కట్టర్ కూడా అటకెక్కాయి. అత్తగారు పక్కింట్లో కూరలు తరిగి తెచ్చేవారు. ఆర్నెల్లు గడిచేసరికి బాబుకు స్నానం చేయించడం మానేసింది. ఏడాదికి వేరే గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. ఈ సంగతి మూడేళ్లలో ఎవరికీ చెప్పలేదు. చేతులు కడగడం కూడా ఇందులో నుంచే వచ్చింది. మురికి అంటుతుందన్న భయం కాదది. తన చేతుల మీదుగా బాబుకు విషం చేరుతుందన్న భయం.

"నేను లేకపోతే వాడు క్షేమంగా ఉంటాడు డాక్టరు గారూ" అంది చివర్లో.

ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన వాక్యం ఇదే. ఓసీడీ కల్పించిన ప్రమాదానికి డిప్రెషన్ ఒక పరిష్కారం చూపిస్తోంది. రెండు జబ్బులు పక్కపక్కన ఉండటం కాదు, ఒకటి వాదన మొదలుపెడితే రెండోది ముగిస్తోంది. ఒకదానికే చికిత్స చేస్తే రెండోది మళ్లీ దాన్ని లేపుతుంది.

ముందు తేల్చుకోవలసింది, ఇది ప్రసవానంతర సైకోసిస్, అంటే కాన్పు తరవాత వాస్తవంతో సంబంధం తెగిపోయే జబ్బు, కాదు కదా అన్నది. ఆ జబ్బులో హాని చేయాలన్న ఆలోచన ఆ మనిషికి న్యాయంగా, అవసరంగా తోచవచ్చు. బిడ్డ గురించి వింత నమ్మకాలు, లేని మాటలు వినిపించడం ఉండవచ్చు. అప్పుడు బిడ్డను తక్షణం కాపాడుకోవాలి. ఈమెకు ఆ ఆలోచనంటేనే వణుకు. దాని నుంచి తప్పించుకోవడానికే జీవితమంతా కుదించుకుంది. ఇటువంటి తల్లిని బిడ్డ నుంచి వేరు చేయమని సలహా ఇస్తే జబ్బు చెప్పిన మాటకు డాక్టరు సంతకం పెట్టినట్టే. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ జబ్బు ఉందా, ఆమెకు ఎప్పుడైనా అతి ఉత్సాహపు దశ వచ్చిందా అని కూడా అడిగాను. లేదు. థైరాయిడ్ మామూలుగా ఉంది. హిమోగ్లోబిన్ 9.2 ఉంటే ఐరన్ మొదలుపెట్టాం.

ప్రాణాపాయం సంగతి. చనిపోవాలన్న కోరిక ఉంది, ఎలా అన్న ఆలోచన లేదు, గతంలో ప్రయత్నం లేదు. ఆస్పత్రిలో చేర్చుకోవడం గురించి చర్చించాం. ఇంట్లో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉంటారు కాబట్టి, వారానికి రెండుసార్లు రావాలన్న షరతు మీద ఇంటి దగ్గరే చికిత్సకు ఒప్పుకున్నాను. ఆమె అనుమతితో భర్తకు విషయం చెప్పాను. దుకాణం సరుకు ఒక్క సీసా కూడా ఇంట్లో ఉండకూడదని, దుకాణం తాళాలు అతని దగ్గరే ఉండాలని, మాత్రలు వారానికి సరిపడా మాత్రమే తీసుకెళ్లాలని అనుకున్నాం. రాత్రివేళ నేను అందకపోతే చేయవలసిన టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ) నంబరు 14416 కాగితం మీద పెద్ద అంకెలతో రాసిచ్చాను. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

స్కోర్లు ఇలా ఉన్నాయి. ఓసీడీ తీవ్రతను కొలిచే యేల్-బ్రౌన్ స్కేలు మీద 40కి 31. హామిల్టన్ డిప్రెషన్ స్కేలు మీద 24. రెండూ తీవ్రమైన స్థాయే.

ఓసీడీకి ఉన్న మానసిక చికిత్సల్లో ఎక్కువ ఆధారాలున్నది ఈఆర్‌పీ. భయపెట్టే పరిస్థితిని కావాలని ఎదుర్కోవడం (ఎక్స్‌పోజర్), ఎదుర్కొన్నాక అలవాటైన పనిని చేయకుండా ఆగడం. మనస్తత్వ శాస్త్రవేత్త విక్టర్ మేయర్ 1966లో లండన్ నుంచి ఇద్దరు రోగుల గురించి రాసిన వ్యాసంతో దీనికి దారి పడింది. 2005లో ఎడ్నా ఫోవా బృందం ప్రచురించిన ఫలితాల్లో ఈఆర్‌పీ, అలాగే ఈఆర్‌పీతో కలిపిన క్లోమిప్రమిన్ (ఓసీడీకి వాడే పాత మందు), ఆ మందు ఒక్కటే వాడటం కంటే మెరుగ్గా పనిచేశాయి. అయితే ఇలాంటి పరిశోధనల్లో చాలావరకు తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారిని తీసుకోరు. నా ఎదురుగా కూర్చున్న మనిషికి తల దువ్వుకునే ఓపిక లేదు. ఆమెను కత్తిపీట ముందు కూర్చోమని రెండో వారంలోనే అడిగితే చేయలేకపోతుంది. చేయలేకపోవడం ఆమె తన మీద మోపుకున్న నేరాల్లో ఇంకొకటి అవుతుంది. అందుకని మొదటి నెల డిప్రెషన్‌కు కేటాయించి, ఓసీడీకి పునాది మాత్రమే వేయాలని నిర్ణయించుకున్నాను.

మందు విషయంలో సెర్ట్రలిన్ ఎంచుకున్నాను. అది రెండు జబ్బులకూ పనిచేస్తుంది, 200 మిల్లీగ్రాముల దాకా పెంచుకునే వీలుంది. ఆమెకు ఇంకో బిడ్డ కావాలన్న కోరిక ఒకప్పుడు ఉండేదని తెలిసింది. గర్భధారణలో, పాలిచ్చే కాలంలో ఎక్కువ అనుభవం ఉన్న మందుల్లో ఇదొకటి. క్లోమిప్రమిన్ బలమైన మందే, కానీ మోతాదు మించితే గుండెకు ప్రమాదం. చనిపోవాలనుకుంటున్న మనిషి ఇంట్లో దాన్ని ఉంచడం నాకు ఇష్టం లేదు. ఎస్సిటలోప్రామ్ తగ్గిస్తూ సెర్ట్రలిన్ 50తో మొదలుపెట్టి, ఆరు వారాల్లో 200కి తీసుకెళ్లాను. మొదటి పది రోజులు వికారం, విరేచనాలు. అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గాయి. తరవాత చెమటలు, దాంపత్య సుఖం మీద కోరిక తగ్గడం. ఈ రెండో సంగతి నేనే అడిగాను. అడగకపోతే మన ఆడవాళ్లు చెప్పరు, ఒకరోజు మాత్రలు మానేస్తారు. క్లోనజిపామ్‌ను ఎనిమిది వారాల్లో పూర్తిగా తీసేశాం. భయాన్ని మాత్రతో మొద్దుబారిస్తే, భయం దానంతట అదే దిగుతుందన్న పాఠం ఒంటికి పట్టదు.

ఒక విషయం ముందే గట్టిగా చెప్పాను: దిగులు నాలుగు నుంచి ఆరు వారాల్లో కొంత తేలికవుతుంది, ఓసీడీకి మాత్రం పూర్తి మోతాదులో ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈ మాట చెప్పకపోవడం వల్ల ఆరో వారంలో "మందు పనిచేయలేదు" అని మానేసినవారిని ఎందరినో చూశాను.

మా దగ్గర క్లినికల్ సైకాలజిస్టు లేరు, థెరపీ కూడా నేనే చేయాలి. మొదటి నెల అడిగినవి చిన్న పనులు. ఉదయం ఏడింటికి ఎండలో పది నిమిషాల నడక. వారానికి మూడుసార్లు పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయికి అరగంట లెక్కలు చెప్పడం. మనసు బాగుపడ్డాక చేద్దామనుకుంటే ఆ రోజు రాదు, చేస్తూ ఉంటే మనసే మెల్లగా వెనకాల వస్తుందని చెప్పాను. మొదటి వారం ఆ అమ్మాయి వస్తే పడక మీది నుంచి లేవలేదు. మూడో వారం ఒక వర్గ సమీకరణం దగ్గర తనకు తెలియకుండానే ముప్పావుగంట గడిచిందని చెబుతూ కొద్దిగా నవ్వింది. నాలుగో వారానికి హామిల్టన్ 18. యేల్-బ్రౌన్ 30, అంటే దాదాపు కదలలేదు.

ఈ దశలోనే ఆమెకు రెండు రకాల ఆలోచనలను వేరుచేసి గుర్తించడం నేర్పాను. నా అనుభవంలో, రెండు జబ్బులూ ఉన్నవారి చికిత్సకు ఇది ఇరుసు. "బాబుకు హాని చేస్తానేమో" అన్నది వద్దన్నా వచ్చే ఆలోచన. మనిషి దాన్ని తోసేస్తాడు, అది తిరిగి వస్తుంది. "నేను చెడ్డ తల్లిని" అన్నది నిజమేననిపించే ఆలోచన. మనిషి దాన్ని ఒప్పుకుని అందులో మునుగుతాడు. రెండూ గంటల తరబడి తిరుగుతాయి కాబట్టి బయటికి ఒకేలా కనిపిస్తాయి. చికిత్స మాత్రం దాదాపు తలకిందులు. రెండో దాన్ని పరీక్షించవచ్చు: ఈ వారం బాబుకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్నది ఎవరు? మొదటిదానితో వాదించకూడదు. "నేను చేయను, నేను అలాంటి దాన్ని కాదు" అని రుజువు చేసుకునే ప్రతి ప్రయత్నం చేతులు కడుక్కోవడం వంటిదే. లెక్కల టీచరు కదా, నోటుపుస్తకంలో ఎడమ పేజీ మొదటి రకానికి, కుడి పేజీ రెండో రకానికి అని తనే విభజించుకుంది. ఎడమ పేజీలో ఆలోచన మాత్రమే రాయాలి, జవాబు రాయకూడదు.

అయిదో వారం నుంచి ఈఆర్‌పీ. భయాన్ని సున్నా నుంచి నూరు దాకా ఆమె చేతనే అంచనా వేయించి పనుల నిచ్చెన తయారుచేశాం. అడుగున, భర్త ఫోను పట్టుకున్నాక చేయి కడగకుండా అరగంట ఉండటం: 35. బియ్యం మూడు నీళ్లతో ఆపడం: 45. బాబుకు స్నానం: 70. కత్తిపీట ముందు కూర్చుని, పక్కన బాబు ఆడుకుంటుండగా బెండకాయలు తరగడం: 100.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎక్స్‌పోజర్ పేరుతో పురుగుమందును ముట్టుకోమని ఎవరినీ అడగకూడదు. మామూలు మనుషులు మామూలుగా చేసే పని దాకానే వెళ్లాలి. ఆ హద్దు ఎక్కడో తేల్చడానికి భర్తను, ఇదే వ్యాపారం చేసే మరో రెండిళ్లలో ఏం పాటిస్తారో కనుక్కురమ్మన్నాను. బట్టలు మార్చుకోవడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఆ బట్టలు విడిగా ఉతకడం. అంతే. అవి ఉంచి మిగతావన్నీ జాబితాలోకి తెచ్చాం.

భర్త ఫోను జవాబులు ఒక్కరోజులో ఆపలేదు. ఆపితే ఆమె కూలిపోయేది. "ఏమీ కాదు" అనడానికి బదులు "ఇది ఎడమ పేజీ ప్రశ్న" అనాలని ముగ్గురం కలిసి ఒప్పందం చేసుకున్నాం. ప్రేమతో చెప్పే జవాబే జబ్బుకు మేత అవుతోందని విన్నప్పుడు అతని ముఖం పాలిపోయింది. "మూడేళ్లుగా నేనే పెంచానా?" అన్నాడు. మీరు చేసింది ఆ సమయంలో ఏ భర్త అయినా చేసేదే అన్నాను. అది నిజం.

ఏడు, ఎనిమిది వారాల్లో పురోగతి ఆగిపోయింది. చేతులు కడగడం పదిహేనుకు తగ్గింది, కానీ బాబుకు స్నానం చేయించినప్పుడు భయం మాత్రం మొదటిసారి ఎంత ఉందో పదోసారీ అంతే. మందు మార్చాలా, అరిపిప్రజోల్ అనే మరో మందును తక్కువ మోతాదులో కలపాలా అని ఆలోచించాను. పూర్తి మోతాదుకు చేరి రెండు వారాలే అయింది కాబట్టి ఆగాను. తరవాతి సెషన్‌లో స్నానం జరుగుతున్నంతసేపూ మనసులో ఏం నడుస్తోందో నిమిషం నిమిషం చెప్పమన్నాను. చిన్నప్పుడు అమ్మమ్మ నేర్పిన ఒక స్తోత్రం లోలోపల చదువుతోంది. ఆలోచన అడ్డొస్తే మళ్లీ మొదటి శ్లోకం నుంచి. ఒక్కో స్నానానికి నలభై సార్లు. పెదవులు కదలవు, ఎవరికీ కనపడదు. మానసికంగా చేసే తంతుల గురించి మొదటి రోజే వివరంగా అడగవలసింది నేను. అడగలేదు. రెండు వారాల పాటు ఆమె ఎంతో ధైర్యంగా చేసిన పనికి ఫలితం దక్కకపోవడానికి అదే కారణం.

స్తోత్రం మానమని చెప్పలేదు. సాయంత్రం దీపం పెట్టినప్పుడు చదవడం ఆమె భక్తి, దాని జోలికి నేను పోకూడదు. ఆలోచనకు విరుగుడుగా చదవడం మాత్రమే మానాలి. ఆ రెండిటి తేడా నేను వివరించబోతుంటే ఆమే అంది: "అప్పుడు దేవుణ్ణి కాపలాకు పెట్టుకుంటున్నాను." పదకొండో వారానికి స్నానం భయం 70 నుంచి 30కి దిగింది.

కత్తిపీట రోజు పన్నెండో వారంలో వచ్చింది. వాళ్లింటికి నేనే వెళ్లాను. అటక మీద నుంచి దాన్ని దింపింది అత్తగారు. మూడేళ్ల తుప్పు చింతపండుతో తోమి, కోడలి ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా బాబును తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టారు. కోడలి మీద ఆవిడ నమ్మకాన్ని అంతకంటే బాగా చెప్పే మాట నా దగ్గర లేదు. ఆమె పావుకిలో బెండకాయలు యాభై నిమిషాలు తరిగింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. మధ్యలో ఒకసారి నా వైపు చూసింది, నేను తల తిప్పుకున్నాను. నా చూపులోనూ ఊరడింపు వెతుక్కోగలదు. ఆ వారం యేల్-బ్రౌన్ 21, హామిల్టన్ 11. ఇరవయ్యో వారానికి 13, 6. చనిపోవాలన్న ఆలోచన పదో వారం తరవాత మళ్లీ రాలేదు.

తొమ్మిదో నెలలో వెనకడుగు పడింది. బంధువుల పెళ్లిలో ఎవరో "ఆ మాత్రలు అలవాటైపోతాయి, మానలేవు" అన్నారట. చెప్పకుండా ఆపేసింది. మూడు వారాలకు మెలకువలు, కడగడాలు తిరిగి వచ్చాయి, యేల్-బ్రౌన్ 22కి ఎక్కింది. ఈసారి తేడా ఏమిటంటే, నాలుగో వారంలో తనే ఫోను చేసి "ఎడమ పేజీ నిండిపోతోంది" అని చెప్పింది. మందు మళ్లీ మొదలుపెట్టి, మోతాదు దశలవారీగా పెంచి 150కి తెచ్చాం, మూడు ఈఆర్‌పీ సెషన్లు మళ్లీ చేశాం. ఏడు వారాల్లో కుదుటపడింది.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. యేల్-బ్రౌన్ 11, హామిల్టన్ 5. బాబు ఆమె పక్కనే పడుకుంటున్నాడు. చేతుల పగుళ్లు మానాయి. బడిలో పూటపని మొదలుపెట్టింది. ఆ ఆలోచన ఇప్పటికీ వారానికి రెండు మూడుసార్లు వస్తుంది, ఎక్కువగా నిద్ర చాలని రోజుల్లో. కిందటి నెల దంపతులిద్దరూ రెండో బిడ్డ గురించి అడగడానికి వచ్చారు. ప్రసవం తరవాత ఓసీడీ తిరగబెట్టే అవకాశం ఉందని, మందు కొనసాగిస్తూ ప్రసూతి వైద్యురాలితో కలిసి ముందే ఏర్పాట్లు చేసుకుంటామని చెప్పాను. ఆమె నోటుపుస్తకం తెరిచి తేదీ వేసి రాసుకుంది: రెండో నెల, బీరకాయ నేనే తరగాలి.